మల్లీశ్వరి బరువెత్తిన హాలు ఇప్పుడు లేదు

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం "అంతర్జాతీయ క్రీడల వేదికలు". బీజింగ్ పక్షిగూడు స్టేడియం, అందులో వాడిన 42,000 టన్నుల ఉక్కు, లండన్ స్టేడియం, ఇవన్నీ తెర మీద చూపిస్తానని మీరు అనుకుని ఉంటారు. ఆ బొమ్మలు మీ ఫోన్లలో ఇంతకంటే బాగా కనిపిస్తాయి. నేను వేరే దారిలో వస్తాను. మన దగ్గర పుట్టినవాళ్లో, పెరిగినవాళ్లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు కదా, అవి ఏ భవనాల్లో వచ్చాయో ఎప్పుడైనా చూశారా? నేను వరసగా చూసుకుంటూ పోతే ఒక తమాషా సంగతి బయటపడింది.

2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది లేచి ఉంటే బంగారమే. సరే, అది జరిగింది ఎక్కడ? లక్ష మందికి పైగా పట్టే ఆ కొత్త ఒలింపిక్ స్టేడియం ఛాయలకు కూడా ఆ పోటీ వెళ్లలేదు. నగరం మధ్యలో డార్లింగ్ హార్బర్ దగ్గర కన్వెన్షన్, ఎగ్జిబిషన్ సెంటర్ ఉండేది. 1988లో కట్టారు. మామూలు రోజుల్లో అందులో వ్యాపార ప్రదర్శనలు పెట్టుకునేవాళ్లు. దాని హాళ్లలోనే బాక్సింగ్, రెజ్లింగ్, జూడో, ఫెన్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్ నడిపేశారు. ఆ భవనాన్ని 2013 చివర్లో మూసేసి కూల్చేశారు. 2016లో అదే చోట కొత్త కన్వెన్షన్ సెంటర్ తెరిచారు. మల్లీశ్వరి బార్ కింద పడేసిన నేలను చూద్దామని ఇవాళ ఎవరైనా వెళ్తే కనిపించదు.

2012 లండన్. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది ఊలిచ్‌లోని సైనిక బ్యారక్స్ మైదానంలో వేసిన డేరాల్లాంటి కట్టడాల్లో. తెల్లటి పొర మీద రంగురంగుల గుండ్రాలు, ఫొటోల్లో చూసే ఉంటారు. ఆటలు అయ్యాక విప్పుకుని తీసుకుపోయారు. ఐదు రోజుల తర్వాత సైనా నెహ్వాల్ కాంస్యం వెంబ్లీ ఎరీనాలో వచ్చింది. దాని చరిత్ర ఇంకా రంజుగా ఉంటుంది. 1934లో అప్పటి బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్ కోసం దాన్ని ఈతకొలనుగా కట్టారు. 1948 ఒలింపిక్స్ ఈత పోటీలు కూడా అందులోనే. ఆ తర్వాత కొలను మీద నేల పరిచేసి కచేరీలకీ, ఐస్ షోలకీ వాడుకున్నారు. 2012లో బ్యాడ్మింటన్ కోసం గ్రీనిచ్ వైపు ఒక తాత్కాలిక హాలు కడదామని మొదట లెక్క వేశారు. ఖర్చు చూసి మానేసి, వెంబ్లీకి పంపారు. క్రీడాగ్రామం నుంచి దూరమని బ్యాడ్మింటన్ వాళ్లు సణిగారు. అయినా 78 ఏళ్ల పాత ఈతకొలను పైకప్పు కింద మన అమ్మాయి పతకం అందుకుంది. అవతల చైనా అమ్మాయి గాయంతో మధ్యలో తప్పుకుంది, అది వేరే కథ.

2016 రియో. పి.వి. సింధు కరోలినా మారిన్‌తో ఆడిన ఫైనల్ రియోసెంట్రోలో, నాలుగో పెవిలియన్‌లో. రియోసెంట్రో కూడా ఎగ్జిబిషన్ సెంటరే. 1992లో ప్రపంచ దేశాల నాయకులంతా భూమి శిఖరాగ్ర సదస్సుకు చేరింది అక్కడే. సింధు రెండో పతకం, టోక్యోలో వచ్చినది, మాత్రం కొత్త భవనంలో వచ్చింది. ముసాషినో ఫారెస్ట్ స్పోర్ట్ ప్లాజా అని, 2017లో తెరిచారు. ఊరివాళ్లు ఆడుకోవడానికీ కార్యక్రమాలకీ పనికొచ్చేలా కట్టిన హాలు. ఒలింపిక్స్ నాటికి కోవిడ్ వల్ల ప్రేక్షకులే లేరు. టోక్యోవాళ్లు 68,000 సీట్లతో కొత్తగా కట్టుకున్న ప్రధాన స్టేడియం కూడా ఖాళీగానే ప్రారంభోత్సవం చూసింది.

ఈ పతకాల్లో ఒక్కటీ ప్రధాన స్టేడియంలో రాలేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ఈ ఆటలకు కావలసిన వాటి జాబితా రాసుకోండి, మీకే తెలుస్తుంది. వెయిట్‌లిఫ్టింగ్‌కు నాలుగు మీటర్ల చదరపు వేదిక చాలు. కానీ దాని కింద ఉన్న నేల, తల పైనుంచి వదిలేసిన బరువును రోజుకు వందలసార్లు ఓర్చుకోవాలి. ఎగ్జిబిషన్ హాలు నేలను లారీలు, యంత్రాలు లోపలికి తెచ్చి దింపడానికి వీలుగా డిజైన్ చేస్తారు. దానికి ఈ బార్ ఒక లెక్కా? బ్యాడ్మింటన్‌కు కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1. పెద్ద పోటీలకు పైన 12 మీటర్ల ఎత్తు వరకు దూలాలు, లైట్లు ఏవీ అడ్డం రాకూడదు. మధ్యలో స్తంభాలు ఉండకూడదు. ఐదు గ్రాముల షటిల్ కాబట్టి ఏసీ గాలి సూటిగా కోర్టు మీద పడకూడదు. వెనక గోడ ముదురు రంగులో లేకపోతే తెల్ల ఈకలు కంటికి ఆనవు. ఇవన్నీ ఒక మంచి ప్రదర్శనశాలలో ముప్పాతిక వంతు ముందే ఉంటాయి. మిగతా పావు వంతు అద్దెకు తెచ్చుకోవచ్చు. చాప కింద చెక్క నేల, కుర్చీలు, లైట్లు, స్కోర్‌బోర్డు, అన్నీ.

మరి వేల కోట్లు పోయేది దేని మీద? ఆ పెద్ద గిన్నె మీద. దాన్ని అథ్లెటిక్స్ కోసం కడుతున్నామని చెప్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ప్రధాన స్టేడియం సైజును నిర్ణయించేది పరుగు పందెం కాదు, ప్రారంభోత్సవం. 80,000 మంది అతిథులు, దేశాధినేతలు, టీవీ కెమెరాలు, మంటపం, బాణసంచా. ఒక రాత్రి మొదట, ఒక రాత్రి చివర. అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలకు ఇందులో సగం సీట్లున్నా గొప్పగా జరిగిపోతాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. క్రీడలు తెచ్చుకున్న నగరం ఆ రెండూ ఒకే ముహూర్తానికి పెట్టుకుంటుంది.

(నవ్వులు)

నవ్వుతున్నారు గానీ, ముహూర్తం అనేదే ఇందులో అసలు టెన్షన్. రోడ్డు ఆరు నెలలు ఆలస్యమైతే తిట్టుకుంటాం, ఊరుకుంటాం. ప్రారంభోత్సవం తేదీ కదలదు. తేదీ కదలకపోతే ధర కదులుతుంది. మాంట్రియల్ 1976 దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. వాలిన గోపురం, దానికి తీగలతో వేలాడి తెరుచుకునే పైకప్పు అని గీశారు. ఆటలు మొదలయ్యేసరికి గోపురం సగమే లేచింది. పైకప్పు 1987కి గానీ పడలేదు. అప్పు తీరింది 2006లో. అందులో పెద్ద వాటా పొగాకు మీద వేసిన పన్ను కట్టింది. అంటే ముప్పై ఏళ్లు సిగరెట్ తాగినవాళ్లు స్టేడియం ఈఎంఐ కట్టారు.

మన దిల్లీకి వద్దాం. 1951లో మొదటి ఆసియా క్రీడలు ఉన్న మైదానాన్నే బాగు చేసుకుని జరిపారు, ఆటగాళ్లను సైనిక బ్యారక్‌లలో ఉంచారు. 1982 ఏషియాడ్ నాటికి దేశం తన సత్తా చూపించుకోవాలనుకుంది. జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఇంద్రప్రస్థ ఇండోర్ స్టేడియం, తాల్‌కటోరా కొలను, తుగ్లకాబాద్ షూటింగ్ రేంజ్, ఫ్లైఓవర్లు, రాజ్ రేవాల్ డిజైన్ చేసిన ఏషియాడ్ విలేజ్, ఇన్నీ ఒకేసారి. తేదీ నవంబర్ 19. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి జమాదార్లు కూలీలను దింపారు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదారు తలకు ఒక రూపాయి కమీషన్ కోసుకునేవాడు, కూలీ చేతికి 8.25 వచ్చేది. దీని మీద పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ సుప్రీంకోర్టుకు ఒక లేఖ రాసింది. ఆ లేఖనే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. క్రీడలకు రెండు నెలల ముందు, 1982 సెప్టెంబర్‌లో, జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు ఇచ్చారు: కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని. లా చదివే పిల్లలు దీన్ని ఏషియాడ్ వర్కర్స్ కేసు అని చదువుతారు. సివిల్ ఇంజనీర్లకు మాత్రం ఎవరూ చెప్పరు. రేపు సైట్ మీద మస్టర్ రోల్ చూడాల్సింది మీరు కాబట్టి చెప్పాను. ఏషియాడ్ మనకు ఇచ్చిన వాటిలో ఆ స్టేడియంల కంటే గట్టిగా నిలబడింది ఈ తీర్పే.

2010 కామన్వెల్త్ క్రీడలకు అదే నెహ్రూ స్టేడియాన్ని దాదాపు 960 కోట్లతో మళ్లీ తిరగరాశారు. కొత్త పైకప్పు వేశారు. అక్టోబర్ 3న ప్రారంభోత్సవం. సెప్టెంబర్ 21న స్టేడియం పక్కన కడుతున్న కాలినడక వంతెన కూలి 27 మంది పనివాళ్లు గాయపడ్డారు. ప్రారంభోత్సవంలో ఎగరేసిన హీలియం బెలూన్‌కు 40 కోట్ల దాకా అయిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ క్రీడల్లో మనం ఇంగ్లండ్‌ను దాటి రెండో స్థానానికి ఎగబాకింది ఎలాగో గుర్తుందా? చివరి రోజు, 38వ స్వర్ణం, సైనా. అదీ సిరి ఫోర్ట్ హాల్లో. గగన్ నారంగ్ నాలుగు స్వర్ణాలు తుగ్లకాబాద్ రేంజ్‌లో. నెహ్రూ స్టేడియం సంగతి అంటే, దాన్ని పూర్తిగా పడగొట్టి ఆ 102 ఎకరాల్లో స్పోర్ట్స్ సిటీ కట్టే ఆలోచన ఉందని 2025 నవంబర్‌లో వార్తలు వచ్చాయి.

పెద్ద గిన్నె తర్వాత ఎందుకు పనికి రాకుండా పోతుంది? ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, మీరు ఇంజనీర్లు కదా. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌కు వంపు వ్యాసార్ధం 36.5 మీటర్లు, తిన్నటి భాగం 84.39 మీటర్లు. లోపలి అంచుల మధ్య వెడల్పు 73 మీటర్లు వస్తుంది. ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22. బయటి కొలత సుమారు 177 ఇంటూ 93. ఇందులో 105 ఇంటూ 68 ఫుట్‌బాల్ మైదానం పడుతుంది, సంతోషం. కానీ గోల్ వెనక కూర్చున్నవాడికీ గోల్ గీతకూ మధ్య కనీసం 36 మీటర్ల ఖాళీ. ఫుట్‌బాల్ అభిమాని అంత దూరం నుంచి చూడటానికి డబ్బు పెట్టడు. క్రికెట్‌కైతే పిచ్ నుంచి బౌండరీ అటూ ఇటూ తక్కువలో తక్కువ 59 మీటర్లు, అంటే 118 మీటర్ల వెడల్పు. 93లో 118 ఎలా పెడతారు? స్టాండ్లు ముందే దూరంగా కట్టి ఉంటే తప్ప కుదరదు. మన దేశంలో స్టేడియం నింపగలిగేది క్రికెట్. ట్రాక్ స్టేడియం క్రికెట్‌కు పనికిరాదు. ఇంకేముంది, గేటుకు తాళం.

దీనికి లోకంలో రకరకాల మందులు వేశారు. అట్లాంటావాళ్లు 1996 స్టేడియాన్ని మొదటినుంచే బేస్‌బాల్ మైదానంగా గీసి, ఆటలవగానే ఒకవైపు స్టాండ్లు కోసేసి బేస్‌బాల్ జట్టుకు అప్పగించారు. లండన్‌వాళ్లు 80,000 సీట్లలో 25,000 మాత్రమే శాశ్వతం, పైన 55,000 విప్పేసేవి అన్నారు. డ్రాయింగ్ మీద ముచ్చటగా ఉంది. తర్వాత మనసు మార్చుకున్నారు. వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు వస్తుందని కొత్త పైకప్పు, ట్రాక్ మీదికి జరిగే సీట్లు పెట్టడానికి మరో 32 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. ఆ సీట్లను ముందుకూ వెనక్కూ జరపడానికే ఏటా కోట్లు. అక్కడ నాకు నచ్చింది ఈతకొలను. 17,500 మంది చూడటానికి రెండు వైపులా రెక్కల్లా తాత్కాలిక గేలరీలు కట్టి, తర్వాత ఆ రెక్కలు తీసేశారు. కొలను అడుగు పైకీ కిందికీ జరుగుతుంది, మధ్యలో అడ్డుగోడలు కదుపుకోవచ్చు. అందుకే పోటీలు లేని రోజు బడిపిల్లలు ఈత నేర్చుకుంటున్నారు.

పారిస్ దగ్గరున్న స్టాడ్ ద ఫ్రాన్స్‌ను 1998 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం కట్టారు. కింది వరసల్లో 25,000 సీట్లు 15 మీటర్లు వెనక్కి జరుగుతాయి, కింద ట్రాక్ బయటపడుతుంది. 2024 పారాలింపిక్స్‌లో వరంగల్ వైపు పల్లె నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం గెలిచింది ఆ ఊదారంగు ట్రాక్ మీదే. ఇందాకటి నా వరసకు ఇదొక మినహాయింపు, సంతోషంగా ఒప్పుకుంటాను. అయితే అది కూడా ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం కాదు.

అన్నిటికంటే తెలివైనది గ్లాస్గో, 2014. హాంప్‌డెన్ పార్క్ పాత ఫుట్‌బాల్ మైదానం. ట్రాక్ పట్టదు. వాళ్లు గోడలు పగలగొట్టలేదు. గిన్నె పైకి పోయేకొద్దీ వెడల్పు పెరుగుతుంది కదా? కింది ఎనిమిది వరసల కుర్చీలు తీసేసి, వేల ఉక్కు కాళ్ల మీద నేలనే దాదాపు రెండు మీటర్లు పైకి లేపారు. ఆ ఎత్తులో ట్రాక్ సరిపోయింది. దాని మీద ఉసేన్ బోల్ట్ రిలే పరిగెత్తాడు. ఆటలయ్యాక కాళ్లు విప్పారు, ఫుట్‌బాల్ మళ్లీ వచ్చేసింది. మీలో ఎవరికైనా ప్రాజెక్టుకు అంశం కావాలంటే ఇది తీసుకోండి, ఆ కాళ్ల మీద పడే కంపనం లెక్క ఒక్కటే ఒక సెమిస్టర్ తినేస్తుంది.

ప్రారంభోత్సవాన్ని స్టేడియం నుంచి బయటికి లాగితే ఏమవుతుందో పారిస్ చూపించింది. 2024 జూలై 26న సెన్ నది మీద పడవల్లో. వాన దంచికొట్టింది, అది వాళ్ల ఖర్మ. కానీ ఆ క్రీడల వేదికల్లో 95 శాతం ఉన్నవో, తాత్కాలికమైనవో. ఈఫిల్ టవర్ కింద బీచ్ వాలీబాల్, గ్రాన్ పలేలో కత్తిసాము, ఒక కచేరీల హాల్లో కొలను అమర్చి ఈత. కొత్తగా కట్టిన పెద్ద క్రీడాకేంద్రం డైవింగ్, వాటర్‌పోలోల కోసం సెన్-సాన్-డెనీలో. ఆ ప్రాంతంలో పిల్లలకు ఈతకొలనులు తక్కువ కాబట్టి అక్కడ కట్టారు.

పొదుపు మరీ ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఖర్చు భరించలేమని 2026 కామన్వెల్త్ క్రీడల నుంచి 2023లో తప్పుకుంది. గ్లాస్గో వాటిని నాలుగే వేదికల్లో, పది క్రీడలతో చేపట్టింది. ఆ పదిలో బ్యాడ్మింటన్, షూటింగ్, రెజ్లింగ్, హాకీ లేవు. సరిగ్గా మనకు పతకాలిచ్చేవి!

ఇక మన ఊరు. గచ్చిబౌలి. 2002 జాతీయ క్రీడలకు హైదరాబాద్, విశాఖపట్నం ఆతిథ్యం ఇచ్చాయి. దాని కోసం గచ్చిబౌలిలో ఒక పెద్ద క్రీడాప్రాంగణం లేచింది. ప్రధాన స్టేడియానికి ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు. నిజానికి అవి దిల్లీలో జరగాల్సినవి, వాయిదాలు పడి హైదరాబాద్‌కు వచ్చాయి. మళ్లీ రెండోసారి ఆ క్రీడలు ఎక్కడా జరగనే లేదు. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు. బాలయోగి స్టేడియం సుమారు 30,000 సీట్లది, అంటే అతిగా కట్టలేదు. అందుకే తర్వాత ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానం అయింది, 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ జరిగింది. పక్కనున్న ఇండోర్ స్టేడియంలో 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. అదే ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనాన్ని 2020లో 1,500 పడకల కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆటల కోసం కట్టినదానికి ఆ అవసరం వస్తుందని ఏ బ్లూప్రింట్‌లోనూ ఉండదు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ ప్రాంగణానికి దగ్గర్లోనే ప్రభుత్వం 2003లో పుల్లెల గోపీచంద్‌కు ఐదు ఎకరాలు ఇచ్చింది. డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక పారిశ్రామికవేత్త పెద్ద మొత్తం ఇచ్చారు, 2008లో ఎనిమిది కోర్టుల హాలు తెరిచారు. గేలరీ గొప్పగా ఏమీ ఉండదు. వీఐపీ లాంజ్ గురించి ఎవరూ మాట్లాడుకోరు. సైనా, సింధు, శ్రీకాంత్, కశ్యప్, సాయిప్రణీత్ తెల్లవారుజామున చెమటోడ్చింది అక్కడ. ఎకరానికి ఎన్ని పతకాలు అని లెక్క వేసే పిచ్చి నాకుంది, ఆ లెక్కలో దీనికి దరిదాపుల్లో ఏ స్టేడియం రాదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన క్రీడలకు అది వందో ఏడు. 2036 ఒలింపిక్స్ కూడా కావాలని మన దేశం అడుగుతోంది. 1,32,000 మంది పట్టే క్రికెట్ స్టేడియం అక్కడ ముందే ఉంది. మెల్‌బోర్న్ 2006లో తన క్రికెట్ మైదానంలోనే తాత్కాలిక ట్రాక్ పరిచి కామన్వెల్త్ క్రీడలు జరిపింది. అహ్మదాబాద్‌లో ప్రారంభోత్సవానికి మరో గిన్నె కడతామంటే నేను మాత్రం ఎందుకని అడుగుతాను. కడితే వార్మప్ ట్రాక్‌లు కట్టండి, జిల్లాల్లో 12 మీటర్ల ఎత్తున్న హాళ్లు కట్టండి.

ప్రశ్నలకు సమయం లేదంటున్నారు. వెనక నుంచి ఒకరు చీటీ పంపారు, దానికి మాత్రం జవాబు చెప్తాను. "2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ ఉంది కదా సార్, స్టేడియం ఎక్కడ కడుతున్నారు?" కట్టట్లేదు బాబూ. ఒలింపిక్స్‌లో క్రికెట్ చివరిసారి ఆడింది 1900లో, పారిస్‌లో ఒక సైకిల్ పందేల మైదానంలో, ఒక్కటే మ్యాచ్, బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ. ఇప్పుడు 128 ఏళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌కు తూర్పున పొమోనా అనే చోట ఆడిస్తున్నారు. ఏటా జిల్లా తిరనాళ్లు జరిగే ప్రదర్శన మైదానం అది. అక్కడ తాత్కాలికంగా పిచ్, స్టాండ్లు వేస్తారు, ఆటలయ్యాక తీసేస్తారు. కాలిఫోర్నియాలో మీ అన్నలో, పిన్ని పిల్లలో ఉంటే టికెట్ల సంగతి ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. తాత్కాలిక స్టాండ్లలో సీట్లు తక్కువ, మనవాళ్లు ఎక్కువ.